చుక్క నీళ్లు కలపని పాలు

జెరోనో కెన్యాలోని కప్సాబెట్ ఊళ్లో ఇంటింటికీ పాలు పోస్తుంది. ప్రతి గుమ్మం ముందూ క్యాన్‌లో వేలు ముంచి, బొటనవేలి గోటి మీద పాలబొట్టు నిలబెట్టి చూపిస్తుంది. "జారిందా అమ్మా? చుక్క నీళ్లు కలిపితే ఒట్టు!"

"ఒట్లకేం గానీ, ఈసారైనా కెమిస్ట్రీ గట్టెక్కుతావా తల్లీ?" అంటారు పాలు పోయించుకునేవాళ్లు.

పోయినసారి ఒక్క మార్కుతో తప్పింది. ఇప్పుడూ పోతే నర్సు ట్రైనింగ్‌కి వయసు దాటిపోతుంది. పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది: పాలు శుద్ధ పదార్థమా, మిశ్రమమా? "పాలల్లో నీళ్లుంటాయే మొద్దూ, మిశ్రమమే!" అని కెమిస్ట్రీ చెప్పే కోస్కే సార్ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. ఆమెకి తెలుసు. మిశ్రమం అని రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. గోటి వంక చూసుకుంది. గంట కొడుతుంటే పక్కనే ఇరికించింది: "మా ఆవు పాలు మాత్రం కాదు సార్."