ఊపిరి వినిపించిన రేడియో

తెనాలి నుంచి రేపల్లె వెళ్తుంటే వేమూరు దాటాక బస్సు టైరు పంక్చరైంది. దిగి కాలవ గట్టున కూర్చున్నాం. దగ్గర్లో రేడియోలో గోల పుట్టించే కరెంటు తీగల్లేవు. షార్ట్‌వేవ్ వినడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. సంచిలోని పాత, కొత్త రేడియోలు రెండింట్లోనూ ఒకే దూరదేశపు స్టేషన్ పెట్టాను. ఎవరో అమ్మాయి పాడుతోంది. కొత్తదే మెరుగని తేల్చుకుని, పాతదాన్ని రేపల్లెలో స్నేహితుడికి ఇచ్చేయబోతున్నాను.

పక్కన కూర్చున్న పెద్దావిడ చర్చిలో పాటలు నేర్పుతారట. రెండింటికీ చెవి ఆనించి విన్నారు.

"కొత్తదాంట్లో గరగర లేదు, చూశారా అమ్మా?" అన్నాను ధీమాగా.

"లేదు బాబూ. ఆ పిల్ల ఊపిరి తీసుకోవడం కూడా లేదు. పాతదాంట్లో వినపడతంది."

మళ్లీ విన్నాను. గరగరతో పాటు కొత్తది ఊపిరినీ తుడిచేసింది.

రేపల్లెలో కొత్త రేడియోనే ఇచ్చాను. స్నేహితుడు ఇప్పటికీ నన్ను గొప్ప దాతనుకుంటున్నాడు.