బాబాయి బండికి కొత్త సిగ్నల్

హైటెక్ సిటీలో అద్దాల మేడలకన్నా బండరాళ్ళే ఎక్కువగా కనిపించిన కాలం ఒకటుంది. ఇప్పుడు బైక్ టాక్సీలు వచ్చి ఆగేచోట అప్పట్లో గొర్రెలు రోడ్డు దాటేవి, వాటి కోసం ఆఫీసు బస్సులు ఓపిగ్గా ఆగేవి. కుడివైపు తిరగాలంటే బండివాడు కుడిచెయ్యి చాపేవాడు. ఎడమవైపు తిరగాలంటే అదే చేత్తో గాలిలో సున్నా చుట్టేవాడు. వెనకవాడు చూశాడా లేదా అన్నది దేవుడి లెక్క. నేను దేవుడి లెక్కనైనా ఇంకోసారి కూడి సరిచూసుకునే రకం. చదివింది బి.కాం. చుట్టూ ఇంజనీర్లే ఉన్న ఆఫీసులో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం. కొలతలు, భిన్నాలు, చివరికి కరెంటు కూడా పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. (సొంతంగా నేర్చుకోవడంలో ఒక సుఖముంది. తప్పని చెప్పేవాడు పక్కన ఉండడు.) ఆఫీసులో నన్ను 'స్కేలు' అనేవారు, ఆ పేరు ఇంటిదాకా వచ్చింది. అది పొగడ్తేననుకుని చాలాకాలం సంతోషించాను.

నేను చందానగర్‌లో మా బాబాయి వాళ్ళింట్లో ఉండేవాణ్ణి. బాబాయి గోదావరి జిల్లా నుంచి ప్రభుత్వోద్యోగం మీద హైదరాబాదు వచ్చి, మొదట్లోనే ఒక నల్ల మోటార్‌సైకిలు కొన్నాడు. నేనక్కడికి వచ్చేనాటికే అది పాత సామాను కింద లెక్క. ఆరు వోల్టుల బ్యాటరీ, గుండ్రటి హెడ్‌లైటు, గేదె అరిచినట్టుండే హారన్. సిగ్నల్ లైట్లు అసలు లేవు. అది తయారైన రోజుల్లో ఎవరూ పెట్టలేదు. ఆదివారం పొద్దున్నే బాబాయి దాన్ని తుడుస్తుంటే మా పిన్ని గుమ్మంలో నిలబడి, "నా మొహం వైపు ఇంత శ్రద్ధగా ఏనాడైనా చూశారా?" అనేది. బాబాయి గుడ్డ పిండుకుంటూ, "నీకు తుప్పు పట్టదు కదే" అనేవాడు. ఇద్దరిదీ రోజూ ఉండే మాటే. ఆ మాట లేని ఆదివారం ఇంట్లో ఏదో తగ్గినట్టుండేది.

అలా ఉండగా బాబాయికి కుడిభుజం పట్టేసింది. చెయ్యి నడుము దాకా వస్తుంది, ఆ పైకి రాదు. హ్యాండిలు పట్టుకుంటే నొప్పి లేదు, చాపితేనే ప్రాణం పోతుంది. నయం కావడం నెలల మీద మాట అన్నాడు డాక్టరు. దాంతో కుడి మలుపు వచ్చిందంటే బాబాయి చెయ్యి చాపడానికి బదులు తల కుడివైపు గట్టిగా ఊపడం మొదలుపెట్టాడు. ఒకరోజు వెనకాల వస్తున్న లారీవాడు ఆ తల ఊపడాన్ని 'నువ్వు ముందు పోవయ్యా' అనడమనుకుని పక్కనుంచి దూసుకుపోయాడు. వెనక సీటు మీదున్న మా పిన్ని చీర కొంగుకు గ్రీజు అంటుకుంది. ఇంటికొచ్చి ఆ కొంగు ఉతుకుతూ తీర్పు చెప్పేసింది.

"చెయ్యి చాపలేని మనిషికి బండెందుకండీ? అమ్మెయ్యండి. బస్సులున్నాయి, ఎంచక్కా కూర్చుని వెళ్ళొచ్చు."

బాబాయి సరేనని బండి తాళం తీసి మేకుకు తగిలించాడు. అదే నాకు దిగులు పుట్టించింది. బోరబండలో పాత బండ్ల సామాన్లు అమ్మే దుకాణదారు ఎప్పటినుంచో దాన్ని అడుగుతున్నాడు. వచ్చే ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్ళమని పిన్నే కబురంపింది. ఆ రాత్రి అన్నంలో బాబాయి మజ్జిగ పోసుకోవడం మర్చిపోయి, పొడి అన్నమే తినేసి లేచాడు. అది చూసి నేను, ఆ ఇంట్లో ఎవరూ అడగని మాట అన్నాను.

"పిన్నీ, బండికి సిగ్నల్ లైట్లు నేను పెడతాను. అప్పుడు చెయ్యి చాపక్కర్లేదు కదా."

పిన్ని నన్ను, గోడ మీది స్విచ్చుబోర్డును మార్చి మార్చి చూసింది. (కిందటి నెల దాన్ని బాగుచేసింది నేనే. ఫ్యాను స్విచ్చు వేస్తే గుమ్మంలో లైటు వెలుగుతోంది.) "సరే. ఆదివారం పొద్దున్న ఆయన వెనక నేనే కూర్చుంటాను. గచ్చిబౌలి దాకా వెళ్ళి, నీ అద్దాల ఆఫీసు చూసి వద్దాం. నన్ను భద్రంగా తీసుకొచ్చారా, బండి ఉంటుంది. లేదా, సాయంత్రం బోరబండకి పోతుంది."

ఆరు వోల్టుల సామాను దొరికేది మళ్ళీ ఆ బోరబండ దుకాణంలోనే. వెళ్ళి అడిగితే ఆయన నవ్వాడు. "ఏంది తమ్మీ, గా ముసలి బండికి లైట్లా? చెయ్యి పెడితెనే ఎవ్వడు ఆగుతలేడు, లైటుకు ఆగుతరా?" అంటూనే నాలుగు నారింజరంగు లైట్లు, ఒక స్విచ్చు, లైటును ఆర్పి వెలిగించే ఫ్లాషర్ అనే చిన్న డబ్బా తీసి ముందు పెట్టాడు. "మంచియే ఇస్తున్న. నువ్వు గూడ మంచిగ బిగియ్యి. ఆదివారం నా ఇంటికే వస్తది గద!" శత్రువు దగ్గరే ఆయుధాలు కొనుక్కుని బస్సెక్కాను.

ఇక నా లెక్క చూడండి. ఒక్కో బల్బు పది వాట్లు, ఒక పక్కకి రెండు, వెరసి ఇరవై. ఆరుతో భాగిస్తే మూడుంపావు ఆంపియర్లకు కాస్త పైన. హెడ్‌లైటు, హారన్ కలిపినా బ్యాటరీ మోస్తుంది. ఈ లెక్క ఈనాటికీ తప్పు కాదు, ఎవరైనా వేసి చూసుకోవచ్చు. తర్వాత తీగ కొలత. ఎడమ హ్యాండిలు మీది స్విచ్చు నుంచి, హ్యాండిలు మెడ పక్కగా, పెట్రోలు ట్యాంకు కిందనుంచి, సీటు కిందున్న ఫ్లాషర్ దాకా. పిన్ని జాకెట్లు కుట్టే టేపు తెచ్చి కొలిచాను. కొలుస్తుంటే హ్యాండిలు అటూ ఇటూ కదిలి, ఒక్కోసారి ఒక్కో అంకె వస్తోంది. అంకె నిలకడగా లేకపోతే నాకు అన్నం సహించదు. అందుకని బండిని స్టాండు మీద నిలబెట్టి, బట్టలారేసే తాడుతో హ్యాండిలును అటూ ఇటూ కదలకుండా తిన్నగా కట్టేశాను. అప్పుడు ఎన్నిసార్లు కొలిచినా ఒకటే అంకె. ఆ అంకె ప్రకారం, అంగుళం వృథా పోకుండా, తీగలు తెంపాను. పాత హారన్ తీగ కాస్త వేలాడుతూ అసహ్యంగా కనిపిస్తే దాన్నీ లాగి, నా తీగలతో కలిపి నల్లటేపు బిగించి చుట్టాను. వీణ తీగల్లా ఉన్నాయి, మీటితే పలికేవి.

శనివారం సాయంత్రం వాకిట్లో ప్రారంభోత్సవం. నాలుగు లైట్లూ టిక్కు టిక్కుమంటూ ఎంత ముద్దుగా వెలిగాయంటే, పైవాటాలో కిరాయికి ఉండే ఆంటీ మేడ మీదనుంచే, "అరె, మస్తున్నయి! వినాయకుని మండపం లెక్కనే!" అంది. బాబాయి నా వీపు మీద ఎడంచేత్తో ఒకసారి తట్టి, లోపలికి వెళ్ళి మజ్జిగ అడిగి పోయించుకుని తాగాడు. నేను తాడు విప్పి దండెం కట్టేసి, సుఖంగా నిద్రపోయాను.

ఆదివారం పొద్దున బాబాయి, వెనక ఒకపక్కకి కూర్చున్న పిన్ని, వాళ్ళ వెనకాల పైవాటావాళ్ళ స్కూటరు మీద నేను బయలుదేరాం. ఆఫీసు గుర్తింపు కార్డు మెడలో వేసుకున్నాను, పిన్నికి అన్నీ చూపించాలని. రోడ్డు మీద వంపులన్నీ పెద్దవి. బండి కాస్త వాలితే చాలు, హ్యాండిలు తిప్పే పనే లేదు. లైటు వెలుగుతోంది, ఆరుతోంది. వెనకనుంచి దాన్ని చూస్తూ నేను స్కూటరు మీద నాలో నేనే తాళం వేసుకున్నాను. పిన్ని కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసి, పర్వాలేదన్నట్టు కనుబొమలెగరేసింది.

మా ఆఫీసు రోడ్డుకు అవతలివైపు. యూటర్న్ తీసుకోవాలి. బాబాయి వేగం బాగా తగ్గించి, ఎడం బొటనవేలితో కుడి సిగ్నల్ వేశాడు. నా వెనకాల ఆఫీసు బస్సొకటి వస్తోంది. లైటు చక్కగా కొట్టుకుంది. బాబాయి హ్యాండిలు పూర్తిగా కుడివైపు తిప్పాడు.

లైటు ఆరిపోయింది. హారన్ మొదలైంది.

మామూలు మోత కాదది. ఈనబోయే గేదె ఆగకుండా అరిచినట్టు ఒకటే అరుపు. బాబాయి కంగారుపడి హ్యాండిలు తిన్నగా చేశాడు. హారన్ ఆగింది, లైటు వెలిగింది. మళ్ళీ తిప్పాడు. లైటు ఆరింది, అరుపు అందుకుంది. బండి తిరగనంతసేపూ తిరుగుతున్నానని చెబుతుంది, తిరగగానే ఆ మాట మింగేసి గోల పెడుతుంది. తిన్నగా కట్టేసి కొలిచిన తీగ హ్యాండిలు తిరిగేసరికి చాలక లాగుకుపోతోందనీ, ఒరుసుకుపోయిన హారన్ తీగ ఇనుముకు తగులుతోందనీ నాకు అక్కడే, స్కూటరు మీదే అర్థమైంది. నన్ను దాటి వచ్చేసిన బస్సువాడికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. లైటు వెలిగి ఆరింది కాబట్టి బాబాయి మనసు మార్చుకున్నాడనుకుని అతను కుడివైపునుంచే ముందుకు వస్తున్నాడు. బాబాయి చెయ్యి ఎత్తబోయాడు. అది నడుము దగ్గరే ఆగిపోయింది. బండి రోడ్డుకు అడ్డంగా ఉంది.

అప్పుడు మా పిన్ని కుడిచేత్తో సీటు పట్టీ పట్టుకుని, నడుము దాకా వెనక్కి తిరిగి, ఎడంచెయ్యి బారుగా చాపింది. మోచేతి దాకా గాజులు, అరచెయ్యి విప్పి బస్సు మొహం మీద పెట్టినట్టుగా. ఎడంచేత్తో తాంబూలం కూడా అందుకోని మనిషి మా పిన్ని. బస్సు కీచుమని ఆగింది. దాని వెనకున్నవన్నీ ఆగాయి. హారన్ అరుస్తుండగా, గాజుల చెయ్యి దించకుండా, వాళ్ళిద్దరూ నిదానంగా ఆ మలుపు పూర్తిచేసి రోడ్డు పక్కన ఆగారు.

బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏం బండి సార్ గిది? తిరుగుతుంటె లైటు ఆరుతది! ఎవడు వెట్టిండు గీ లైట్లు?"

బాబాయి ఆయాసపడుతూనే, "ఏదో బజార్లో పెట్టించామండి," అన్నాడు.

"బజార్లో కాదు బాబూ," అంది పిన్ని. "అదిగో, స్కూటరు మీద తల దించుకున్నాడే, వాడు!"

డ్రైవరు నా మెడలోని కార్డు చూశాడు. "ఇంజనీరువా?"

"కాదండీ. అకౌంట్స్."

"గట్ల చెప్పు మరి!" అని గేరు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను చూపించాలనుకున్న అద్దాల మేడ ఎదురుగానే ఉంది. ఎవరూ దానివైపు చూడలేదు.

బాబాయి బండి దిగి పేవ్‌మెంటు మీద కూర్చున్నాడు. "నువ్వన్నది నిజమే," అన్నాడు పిన్నితో, చిన్న గొంతుతో. "సాయంత్రం ఇచ్చేద్దాం. నీకేదైనా అయ్యుంటే..." ఆ మాట పూర్తి చెయ్యకుండా బండి ట్యాంకు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. నేను క్షమించమని అడగడానికి నోరు తెరిచాను గానీ, నోటికి వచ్చింది మాత్రం, "ఇంకో జానెడు తీగ ఉంటే సరిపోయేది బాబాయ్" అని. పిన్ని నావైపు ఒక చూపు చూసింది.

ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని, "ముందు లేవండి," అంది. "ఒరేయ్ స్కేలూ, ఆ గేదె నోరు మూయించు. మీరు తిన్నగా చూసి నడపండి. మలుపొచ్చినప్పుడు చెప్పండి, చెయ్యి నేను పెడతాను."

నేను హారన్ తీగ పీకేశాను. తిరుగు ప్రయాణం అంతా ఆ చేతిదే. బాబాయి, "కుడికి!" అనేవాడు, పిన్ని తిరిగి చెయ్యి చాపేది. కార్లు, బస్సులు, ఒకచోట గొర్రెలు కూడా ఆగాయి. మియాపూరు దాటేసరికి ఆవిడకు రుచి తెలిసింది. చందానగర్ బజారులో మలుపే లేని చోట చెయ్యి పెట్టింది. "ఇప్పుడెందుకే?" అని బాబాయి అడిగితే, "ఆ ఆటోవాడు మరీ దగ్గరగా వస్తున్నాడండీ. పద్ధతి నేర్పాలి," అంది. బాబాయి నవ్వడం వెనకనుంచి నాకు భుజాల్లో కనిపించింది. పట్టేసిన భుజం కూడా కాస్త కదిలింది.

సాయంత్రం బోరబండ దుకాణదారు వచ్చాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చి, పిన్ని, "బండి ఇవ్వట్లేదండీ. ఏమీ అనుకోకండి. దానికి కొత్తగా సిగ్నల్ పెట్టించాం," అంది. ఆయన వాకిట్లోకి తొంగిచూశాడు. నాలుగు లైట్లూ ఆరిపోయి, తీగలు బయటికొచ్చి వేలాడుతున్నాయి. "ఏడున్నదమ్మా సిగ్నల్?" అన్నాడు. పిన్ని ఖాళీ టీ గ్లాసు కోసం చెయ్యి చాపింది. గాజులు గలగలలాడాయి. "ఇటివ్వండి," అంది.

తర్వాతి వారం ఎక్కువ తీగ తెచ్చి, హ్యాండిలు మెడ దగ్గర వదులుగా చుట్ట వదిలి మళ్ళీ బిగిస్తానంటే పిన్ని ఒప్పుకోలేదు. హారన్ ఒక్కటే బాగుచేయించింది, అదీ వేరేవాళ్ళతో. లైట్లు మాత్రం ఉత్సవం అయిపోయిన పందిట్లోలా అలాగే ఉండిపోయాయి. బాబాయి భుజం కొన్నాళ్ళకు నయమైంది. ఆ సంగతి ఆయన పిన్నికి చెప్పలేదని నాకు తెలుసు. ఓ రోజు అటక మీదినుంచి ఆవకాయ జాడీ కుడిచేత్తో దించుతుంటే చూశాను. నన్ను చూసి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. అప్పటిదాకా కూరగాయల బజారుకైనా విడివిడిగా వెళ్ళే ఇద్దరూ, ఆ తర్వాత ఎక్కడికైనా కలిసే వెళ్ళేవారు. సిగ్నల్ లేకుండా బండి కదలదు మరి.

ఇప్పుడు నేను ఆనాటి బాబాయి వయసుకు వచ్చాను. ఇంట్లో ఏ తీగ వేసినా కొలతకు మించి జానెడు వదులు ఉంచుతాను. టీవీ వెనక ఆ చుట్టలు చూసి మా ఆవిడ విసుక్కుంటుంది. గచ్చిబౌలి యూటర్న్ దగ్గర స్కూటరు సిగ్నల్ వేస్తాను. అది ఎంత తిప్పినా ఆరదు. అయినా వెనకనుంచి మా ఆవిడ చెయ్యి బయటికి వస్తుంది. "లైటు వెలుగుతోంది కదా," అంటాను. "అది వెనకవాళ్ళు చూసినట్టు మీకేమైనా రసీదిచ్చారా?" అంటుంది. లైటు మీద నమ్మకం లేక కాదుగానీ, అద్దంలో ఆ చెయ్యి కనిపించేదాకా ఆగి, అప్పుడే హ్యాండిలు తిప్పుతాను.