బతికున్న బిడ్డకు దారి

చిలక సరస్సులో మేముండే లంకకు సూదిమందుల పడవ వచ్చేది కాదని ఎవరూ అనలేరు. వచ్చేది. ఉత్తరపు రేవులో ఆగి, అక్కడి పిల్లల్ని చూసి వెళ్ళిపోయేది. దక్షిణం వైపు బురద ఎక్కువ, పడవ కూరుకుపోతుందనేవారు. మా వైపు పిల్లలు రోజంతా ఆ బురదలోనే ఆడుతున్నారే, వాళ్ళెందుకు కూరుకుపోలేదని అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

నా పుట్టిల్లు బరంపురంలో గోసాని నువాగాం. బడిపంతులును చేసుకుని లంకకు వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ అర్జీలు రాస్తూనే ఉన్నాను. మందుల పడవ గురించి కొన్ని, వెదురు కట్టు గురించి కొన్ని. వానలు వెనకబట్టాక జాలర్లు సరస్సులో వెదురు తడికెలు నాటి, కనుచూపుమేర కంచె కట్టి, చేపల్ని లోపల నిలేస్తారు. దాన్ని జానో అంటారు. అది సరిగ్గా మాకూ రంభ రేవుకూ అడ్డం. చుట్టి వెళ్ళాలంటే పూట గడిచిపోతుంది. పడవకు దారి వదలమని రాశాను. విచారణకు వచ్చినాయన, ఆ కట్టుకు పెద్దగా ఉన్న జాలరి ఇంట్లో కొబ్బరినీళ్ళు తాగి వెనక్కి వెళ్ళాడు.

మర్నాడు రేవులో ఆ పెద్ద అందరి ముందూ అన్నాడు: "అర్జీలమ్మొచ్చింది, దారియ్యండర్రా! సేపలకి కూడా ఓ అర్జీ రాసేయమ్మా, మా కట్టులోకి రావద్దని!"

రేవంతా నవ్వింది. నవ్విన ప్రతి ముఖమూ నాకు గుర్తుంది. ఆ రోజునుంచి లంకలో నా పేరు అర్జీలమ్మ.

ఆ ఏడు కార్తీకంలో మా అమ్మాయికి జలుబు చేసింది. అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న పిల్ల. తెల్లారేసరికి డొక్కలెగరేస్తోంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. మా ఆయన శిక్షణకని ఛత్రపురం వెళ్ళారు. మా వీధి పడవవాడిని లేపాను. నన్ను అక్క వరసన అప్పా అని పిలిచేవాడు. మారు మాట్లాడకుండా గెడ తీసుకున్నాడు.

కట్టు కనిపించేసరికి ఎండ ఎక్కింది. పిల్ల ఏడవడం మానేసింది. ఏడ్చినంతసేపూ భయమే అనుకున్నాను, మానేశాక తెలిసింది భయమంటే ఏమిటో. అంతలో పడవవాడు భుజం మీది తెల్ల తుండు తీసి గెడ కొసకు కట్టి పైకెత్తాడు.

"ఏటిరా అది?"

"అప్పా, నువ్వు కల్లు మూసుకో. శవమున్న పడవకే కట్టు ఇప్పుతారు. ఇంక దేనికీ ఇప్పరు."

నిజమే. లంకలో పాతిపెట్టడానికి చోటు లేదు. పోయినవాళ్ళను ఒడ్డుకే తీసుకెళ్ళాలి. అందుకని తెల్లగుడ్డ కనబడితే కట్టు విప్పి దారి ఇవ్వడం జాలర్ల ఆచారం. అంటే ఆ నీళ్ళమీద చచ్చినవాళ్ళకు దారి ఉంది, చావబోయేవాళ్ళకు లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి ఆ గుడ్డ లాగేశాను. పడవ ఒరిగింది.

"అప్పా! పిచ్చెక్కినాదేటి?"

"నా కూతురు బతికుంది. శవమని చెప్పి దాటించను."

కట్టు మధ్య మంచె మీద పెద్ద నిలబడి ఉన్నాడు. గుడ్డ లేవడమూ చూశాడు, దిగడమూ చూశాడు.

"ఎవులు పోనారు?" అని కేకేశాడు.

"ఎవరూ పోలేదు!" అన్నాను. "పిల్లకి ఊపిరాడటం లేదు. బతికున్నదానికే దారి కావాలి!"

అతను వెనక్కి తిరిగి తడికెల వైపు చూశాడు. ఇంకా మొదటి పట్టు పట్టలేదు. ఆ తడికెల వెనక వాళ్ళ ఏడాది తిండి ఉంది. పడవవాడు గెడ తిప్పి చుట్టుదారి పట్టబోయాడు. అప్పుడు పెద్ద మంచె మీదినుంచి దూకాడు. మొలలోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి కత్తితో కట్లు కోశాడు. ఒక తడిక పెకలించాడు. పడవ పట్టదని ఇంకొకటి, ఆ పక్కది.

అలాంటిది మళ్ళీ చూడలేదు. ముందు నీళ్ళు వణికాయి. తర్వాత నీళ్ళే చేపలైపోయాయి. మా పడవ లోపలికి పోతుంటే అవి రెండు వైపులా బయటికి పోతున్నాయి, వెండి కరిగి పారినట్టు. ఎగిరి నా ఒళ్ళో పడ్డాయి, పిల్ల కాళ్ళ మీద పడ్డాయి. పడవ అడుగున అవి తగులుతుంటే చెక్కంతా గలగలమంది. పడవవాడు గెడ వేయడం మరిచి దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడో అడగలేదు. నాకూ చేతులు జోడించాలనిపించింది కానీ చేతుల్లో పిల్ల ఉంది.

పెద్ద తడిక పట్టుకుని నిలబడ్డాడు. చేపలు అతని నడుమును గుద్దుకుంటూ పోతున్నాయి.

"నీ అర్జీ సేపలకి అందినాదమ్మా!" అన్నాడు. "సూస్తావేటి? ఎల్లు, ఎల్లు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

రంభలో బరంపురం పోయే లారీ దొరికింది. పెద్దాసుపత్రిలో పిల్లకు గొట్టం ద్వారా గాలి పెట్టారు, సూదులు వేశారు. మర్నాటి మధ్యాహ్నం కళ్ళు తెరిచి, నర్సమ్మ చేతి గాజులు పట్టుకుని లాగి, ఇవ్వనందుకు గుక్కపట్టి ఏడ్చింది. అంత కమ్మటి ఏడుపు నేను వినలేదు.

తిరిగొచ్చాక కట్టు పెద్దకు దండం పెట్టబోతే ముఖం తిప్పుకుని వల బాగుచేసుకున్నాడు. అదీ నేను మరిచిపోలేదు. కానీ మరుసటి ఏడు కట్టు కట్టినప్పుడు, మా రేవుకు ఎదురుగా ఉన్న తడికెలకు మిగతావాటిలా బిగించిన కట్లు లేవు. జారుముడి వేసి, తాడు కొస పడవలో కూర్చున్న ఆడమనిషికి అందేలా వేలాడదీశారు. తర్వాత కూడా ఏ ఏడూ ఆ ముడి బిగించలేదు.

దేన్నీ పరీక్షించకుండా నమ్మే మనిషిని కాను. ఓ పొద్దున పడవలో వెళ్ళి కొస పట్టుకుని లాగాను. ముడి చేతిలోకి వచ్చేసింది. తడిక ఒరిగింది. నాలుగు చేపలు తుర్రుమన్నాయి. గబగబా మళ్ళీ కట్టేశాను.

మంచె మీదినుంచి కేక వినిపించింది: "ఏటమ్మా, ముడి సరిగా నేదా? దానికీ అర్జీ రాత్తావా?"

"కాస్త ఎత్తుగా ఉంది," అన్నాను. "కిందికి దించండి."

మర్నాటికి దించారు.