అత్తకో చెవి, నాకో చెవి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ పనికైనా కావలసిన సామాను ముందుగా సమకూర్చుకుంటే సగం పని అయిపోయినట్లేనని. చదువు మొదలుపెట్టాలంటే కొత్త నోటుబుక్కు కావాలి, వంట నేర్చుకోవాలంటే కొత్త మూకుడు కావాలి. (నోటుబుక్కుల్లో మొదటి నాలుగు పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలతో నిండి, మిగతావన్నీ తెల్లగా ఉండేవి. మూకుడు సంగతి మాత్రం అడక్కండి.) అలాంటి నేను ఇరవై మూడేళ్ల వయసులో, నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడవాల్సి వచ్చినప్పుడు మొదట చేసిన పని నడవడం కాదు. పాటలు వినే చిన్న డబ్బా ఒకటి వెతకడం.

అప్పుడు నేను తాండూరులో నాపరాయి బండలు పాలిష్ పట్టే ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో లారీలకు చిట్టీలు రాసేదాన్ని. మా ఊరు బొంరాస్‌పేట దగ్గర. ఉండేది మాత్రం వికారాబాద్‌లో, మా నాన్న చెల్లెలి ఇంట్లో, సాయంత్రాలు పోటీ పరీక్షల కోచింగ్‌కు పోవచ్చని. పొద్దున రైలెక్కి తాండూరు, సాయంత్రం రైలెక్కి వికారాబాద్. అలా రైల్లో చదివిన చదువుతోనే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కాను. ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది నేనే. ఇక మిగిలింది నడక పరీక్ష. మూడు నెలలు గడువు. "నడకే కదా, పుట్టిన ఏడాదికే వచ్చిన విద్య" అనుకుని ఒక ఆదివారం పొద్దున్నే అనంతగిరి రోడ్డు పట్టాను. చేతిలో ఫోను, చెవుల్లో పాట. మూడో పాట మంచి ఊపులో ఉండగా అది ఆగిపోయి మా సేట్ గొంతు వినిపించింది. "చిట్టీ బుక్కు ఏడ వెట్టినవమ్మా? లారీ వచ్చి నిలవడ్డది." చెప్పాను. మళ్లీ పాట. మళ్లీ సేట్. "గా కార్బన్ పేపరేది?" నాలుగో కిలోమీటరు దగ్గర మడమ బొబ్బలెక్కింది, ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. తప్పంతా ఫోనుదేనని ఆటోలోనే తేల్చేశాను. ఫోన్లు రానిది, జేబులో బరువుండనిది, నడకకూ రోజూ రైలుకూ పనికొచ్చే చిన్న పాటల డబ్బా ఉంటే పదహారేమిటి, ముప్పై కిలోమీటర్లయినా నడిచేద్దును!

మా రైలు పెట్టెలో ఒక సార్ ఉండేవారు. తాండూరులో ఏదో ఆఫీసులో పని. ఏ వస్తువు గురించి అడిగినా గుణగణాలన్నీ చెబుతారు కనుక మేమంతా ఆయన్ని ఫీచర్ల సార్ అనేవాళ్లం (చాటుగా). నా అవసరం విని ఆయన కళ్లద్దాలు సర్దుకుని పేపరు వెనక గీతలు గీశారు. "బ్యాటరీ ఎన్ని గంటలు రావాలె? నీకు చెమట ఎక్కువ వడుతదా, మామూలుగనా?" అంత సూటిగా నా చెమట గురించి అంతకుముందు ఎవరూ అడగలేదు. మామూలేనన్నాను. "ఉత్త నడకనేనా, ఎక్సర్‌సైజ్ గిట్ల చేస్తవా?" అప్పుడప్పుడు చేస్తానేమో అన్నాను. "గట్లయితే లెక్క మారుతది" అని పాత గీతలు కొట్టేసి కొత్తవి గీశారు. ధారూర్ వచ్చేసరికి బ్యాటరీ, రుక్మాపూర్ దాటేసరికి మెమరీ, తాండూరు ప్లాట్‌ఫారం కనబడేసరికి లెక్క మారిపోవడం. నెల రోజులు ఇలాగే సాగింది. ఒకరోజు గమనించాను, ఆయన పక్కవాళ్ల ఫోన్లో మోగే పాటలకే తల ఊపుతున్నారు. "మీకు ఇయర్‌ఫోన్లు లేవా సార్?" అని అడిగితే, "చూస్తున్నమ్మా. మూడేండ్ల సంది చూస్తున్న. ఇంక ఏదీ సరిగ కుదుర్తలేదు" అన్నారు నిబ్బరంగా.

ఇంట్లో అత్త ఊరుకుంటుందా? ఆమె అంగన్‌వాడీ టీచర్. ముప్పై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదు. "నెల దాటింది గదనే కోడలా. ఇప్పటిదాంక నువ్వు నడిసింది ఎంత? మంచం కాడికెల్లి బాత్రూం దాంక" అంది. నేను బ్యాటరీ గంటల గురించి చెప్పబోయాను. "ఆ బ్యాటరీ ఏమోగాని, నీ బ్యాటరీ ఎప్పుడు మొదలైతది?" అంది. నిజానికి ఆమెకూ నడక అవసరమే. షుగర్ అని డాక్టర్ రోజూ నడవమన్నాడు. కానీ మా సందు మొదట్లో నాలుగు కుక్కలుండేవి. వాటి పేరు చెప్పి ఆమె, డబ్బా పేరు చెప్పి నేను, ఇద్దరం హాయిగా ఇంట్లోనే ఉండేవాళ్లం.

ఆ శనివారం కందిపప్పు కొనాలని అత్త తాండూరు వచ్చింది. ఆఫీసు కాగానే నన్ను చెయ్యి పట్టుకుని ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణానికి లాక్కెళ్లింది. దుకాణం భాయ్ మూడు రకాలు అద్దం మీద పెట్టాడు. ఒకటి సబ్బుబిళ్లంత, దానికి తెర ఉంది. ఇంకొకటి టిఫిన్ డబ్బంత, రేడియో కూడా వస్తుందట. మూడోది అగ్గిపెట్టెలో సగం ఉంది. తెర లేదు, ఏమీ లేదు. వెనక ఒక క్లిప్పు, ముందు నాలుగు మీటలు. నేను ఫీచర్ల సార్ గీతల కాగితం తీసేలోపే అత్త పరీక్ష మొదలుపెట్టింది. సబ్బుబిళ్లను నడుం దగ్గర చెక్కుకుని నాలుగడుగులు వేసింది. అది జారి కందిపప్పు సంచిలో పడింది. టిఫిన్ డబ్బాను చేత్తో తూచి చూసి, "దీన్ని మొయ్యనీకె ఇంకో మనిషి గావాలె" అని పక్కన పెట్టింది. చిన్నదాన్ని కొంగుకు తగిలించి, తడిబట్ట దులిపినట్టు మూడుసార్లు దులిపింది. వంగింది, లేచింది, సందు చివరిదాకా విసవిసా నడిచి వెనక్కి వచ్చింది. (భాయ్ అనుమానంతో దుకాణం బయటికి వచ్చి నిలబడ్డాడు.) డబ్బా ఉన్నచోటే ఉంది. "ఇది పట్టుకుంటె ఇడిసిపెట్టది. మీ మామ లెక్క" అంది అత్త.

"కని దీనికి అద్దం లేదు, బొమ్మ లేదు. ఏ పాట వస్తదో ఎట్ల ఎరుకైతది?" అని అడిగింది.

"వచ్చినంక ఎరుకైతది అమ్మా" అన్నాడు భాయ్. అంత నిజాయితీ గల వ్యాపారిని నేను మళ్లీ చూడలేదు.

డబ్బు అత్తే ఇచ్చింది. నేను మొహమాటపడుతుంటే, "ఊకె ఇస్తలేను. రెండు తాళ్లున్నయి గద దీనికి. ఒక చెవి నాది" అంది. నవ్వులాటకు అంటోందేమో అనుకున్నాను. మర్నాడు తెల్లవారగానే చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మామ పాత కాన్వాసు బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడింది, కుడి చెవి నావైపు పెట్టి.

డబ్బాలో సగం నా పాటలు. ఉరుకులు పెట్టించే దరువులు. సగం అత్తవి. ఆదివారం చర్చిలో మెల్లగా, కళ్లు మూసుకుని పాడుకునేవి. తెర లేదు కనుక ఏది ముందో ఏది వెనకో దేవుడికే తెలియాలి. నా పాట వస్తే నా కాళ్లు పరుగందుకునేవి. మూరెడు తీగ బిగిసి, "ఓ కోడలా, నా చెవి వోయింది!" అని కేక వినబడేది. ఆమె పాట వస్తే ఆమె అడుగు పెళ్లికూతురి అడుగయ్యేది, నా చెవి ఊడేది. కరెంటు స్తంభం ఎదురైతే ఆమె అటు, నేను ఇటు, తీగ మధ్యలో. ఒకసారి గేదెల మంద మా మధ్య నుంచే పోతానంది. మొదటి వారం మేం నడిచిన దానికన్నా చెవులు వెతుక్కోవడానికి ఆగిందే ఎక్కువ. కుక్కలు మాత్రం మమ్మల్ని చూసి మొరగడం మానేశాయి. ఇదేం జంతువో తెలియక కావచ్చు.

ఇంకో చిక్కు కూడా ఉండేది. చెవిలో పాట మోగుతుంటే అత్త గొంతు తనకే వినబడక, గుట్టుగా చెప్పవలసిన మాటలన్నీ అరిచి చెప్పేది. ఒకనాడు మా టైలరమ్మ ఇంటి ముందుకు రాగానే, "గీమెనే నా జాకెట్ ఖరాబు చేసింది! మూడు వారాలు తిప్పి తిప్పి, చేతులు బిగ్గెట్టి ఇచ్చింది!" అని చాటింపు వేసింది. టైలరమ్మ ఆ వాకిట్లోనే ముగ్గు పెడుతోంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆమె ముగ్గుచెయ్యి దులుపుకుని లేచి, "టీచరమ్మా, గా జాకెట్ తెచ్చియ్యిర్రి, సరిజేస్త. జర వాడకట్టుకు చెప్పకుర్రి" అంది. సాయంత్రానికల్లా జాకెట్ సరిగ్గా కుదిరి ఇంటికి వచ్చింది. "నడకతోని మస్తు ఫాయిదా ఉన్నది" అని అత్త ఒప్పుకుంది.

వారం, పది రోజులు గడిచాక ఏమైందో తెలియదు, ఇద్దరి అడుగూ ఒక్కటైంది. తీగ బిగియడం లేదు, వదులవడం లేదు. నా పాటకు అత్త నాలుగడుగులు వేగంగా వేసేది, ఆమె పాటకు నేను ఊపిరి తీసుకునేదాన్ని. అలా అలా ఏడు కిలోమీటర్లయింది. అనంతగిరి ఎత్తు ఎక్కి దిగితే పదయింది. గడువు వారం ఉందనగా పదమూడు నడిచాం. పదహారు మాత్రం ఎన్నడూ నడవలేదు. అత్త రక్తపరీక్ష చూసి డాక్టర్ సంబరపడ్డాడు. రైల్లో ఫీచర్ల సార్‌కు డబ్బా చూపిస్తే ధారూర్ దాకా అటూ ఇటూ తిప్పి చూసి, "చెమటకు ఆగుతదా అని అడిగినవా?" అన్నారు. లేదన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు, పాపం.

నడక పరీక్ష హైదరాబాదు శివార్లలో. నాతోపాటు అత్త కూడా వచ్చింది. గేటు దగ్గరే చెప్పేశారు, ఫోన్లు, పాటలు ఏవీ లోపలికి రాకూడదని. ఆ సంగతి ముందే ఊహించాల్సింది. నెలకు పైగా బ్యాటరీ లెక్కలు వేసిన నాకు ఈ ఒక్క ముక్క తట్టలేదు. డబ్బా తీసి అత్త చేతికిచ్చాను. "ఫికర్ చెయ్యకు. ఉరుకకు. నేను పక్కకున్నట్టే నడువు" అంది.

నేను ఉరికాను. పాట లేదు, పట్టి ఆపే తీగ లేదు, చుట్టూ వందల బూట్ల చప్పుడు. మొదటి గంట అందరినీ దాటుకుంటూ పోయాను. పదో కిలోమీటరు దగ్గర మడమ బొబ్బ చితికింది. పదకొండు దగ్గర రెండోది. రోడ్డు పక్కన ఒక రాయి కనబడింది. ఎంత అందమైన రాయి అది! ఒక్క నిమిషం కూర్చుందామని అటు తిరిగేసరికి ఆ రాయి మీద అప్పటికే ఒకమ్మాయి కూర్చుని ఏడుస్తోంది. యాలాల్ దిక్కు నుంచి వచ్చిందట. "నాతోని కాదిగ అక్కా. నువ్వు పో" అంది. కూర్చోవడానికి నాకు చోటు లేదు. బహుశా అదే నన్ను కాపాడింది. "లే. మాట్లాడుకుంట పోదాం" అన్నాను. రైలు సార్ గురించి, నా చెమట గురించి ఆయన అడిగిన ప్రశ్న గురించి చెప్పాను. ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. ఆమె తన తమ్ముడి పెళ్లిచూపులు చెప్పింది, నేను టైలరమ్మను చెప్పాను. ఎవరి కాళ్లు ఎవరివో మరిచిపోయి కుంటుకుంటూ నడిచాం. ముగింపు గీత దాటేసరికి ఇంకా పదకొండు నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం, ఈసారి ఎందుకో తెలియకుండా.

కుంటుతూ గేటు బయటికి వచ్చాను, అత్త పరుగెత్తుకొచ్చి కావలించుకుంటుందని. ఆమె చెట్టు నీడన చెప్పులు విడిచి, కాళ్లు చాపి, రెండు చెవుల్లో రెండూ పెట్టుకుని, కళ్లు మూసుకుని గొంతెత్తి పాడుతోంది. కాపలా ఉన్న లేడీ కానిస్టేబుళ్లు ఇద్దరు నవ్వాపుకుంటున్నారు. భుజం తట్టాను. కళ్లు తెరిచి చూసి, "అయిపోయిందా? జర ఆగు, గీ పాట అయిపోనీ" అంది. పాట అయిపోయింది. అప్పుడు నా బూట్లవైపు చూసింది, మడమ దగ్గర ఎర్రగా తడిసిన మేజోళ్లవైపు చూసింది. నన్ను కూర్చోబెట్టి, సీసాలో నీళ్లు పోసి, నా పాదాలు తన ఒళ్లోకి తీసుకుని కొంగుతో తుడిచింది. కాసేపటికి, "పాసయితివా మరి?" అని మెల్లగా అడిగింది.

పాసయ్యాను. ఉద్యోగమూ వచ్చింది. చేరిన మొదటి రోజు రేంజ్ ఆఫీసర్ సార్ నా బీటు, అంటే నేను తిరిగి కాయాల్సిన అడవి, ఎంత పెద్దదో గోడమీద మ్యాపులో చూపించి, "బండి నడుపుడు వస్తదా అమ్మా?" అని అడిగారు. "నడుసుడు వస్తది సార్" అన్నాను గర్వంగా. ఆఫీసంతా నవ్వింది. నడిచి చుట్టబెట్టాలంటే ఆ బీటు ఒక్కరోజులో అయ్యేది కాదని, అందరూ మోటారుసైకిళ్ల మీదే తిరుగుతారని తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నమే ఒక పాత బండి నాకు చూపించారు. దాని స్టాండు తీయడానికి నాకు పావుగంట పట్టింది, తీశాక అది నా మీద పడింది.

ఇప్పుడు అదే బండి మీద మోదుగు చెట్ల మధ్య మట్టిదారిలో పోతుంటే ఒక్కోసారి ఆనాటి నేను గుర్తొస్తాను. ఇస్త్రీ మడత నలగని కొత్త యూనిఫాం, మడమల మీద మానిన మచ్చలు, అంత పెద్ద మ్యాపు ముందు నిలబడి నడక ఒక్కటి వస్తే చాలు, అడవంతా చుట్టి రావచ్చన్న ధీమా. బండి కాస్త నెమ్మది చేసి నాలో నేను నవ్వుకుంటాను. ఆ ధీమాలో పిడికెడు ఇప్పుడూ మిగిలి ఉంటే బాగుండునని కూడా అనిపిస్తుంది.