రంగి పెట్టిన తోకచుక్క

వెంకటనర్సయ్య పంతులు ఉర్దూలో చదివి, తెలుగులో ఆలోచించి, ఇంగ్లీషులో పాఠం చెప్పేవాడు. దారిలో ఎక్కడో సగం జారిపోయేది. పోలీసు యాక్షన్ జరిగిన మరుసటేడు సూర్యాపేట బడిలో ఇంగ్లీషు చెప్పేవాళ్లు కరువై, ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్నట్టు ఆయన్ని పెట్టుకున్నారు. అయితే నౌకరి తాత్కాలికం. తనిఖీ రోజు పాఠం విని, బడి కమిటీ పెద్ద అయిన దొర సరేనంటేనే పక్కా అయ్యేది. మిర్యాలగూడలో తల్లి, ఇద్దరు చెల్లెళ్లు ఆ జీతం మీదే బతుకుతున్నారు.

తనిఖీకి ఆయన ఎంచుకున్న పాఠం, ఏది ఎవరిదో ఇంగ్లీషులో చెప్పడం. పేరు పైన పెట్టే కామా లాంటి గుర్తుకు తెలుగు మాట తట్టక తోకచుక్క అన్నాడు.

"పేరు రాసి, పైన తోకచుక్క పెట్టి, పక్కకు ఎస్ రాయాలె. ఇగ గది వాళ్లదే" అన్నాడు.

పిల్లలకిది తెగ నచ్చింది. కొండల్ తన ఎద్దును, జానకి తన గాజులను రాసుకున్నారు. రంగి మాత్రం పలక మీద "లీలావతీస్ రంగి" అని రాసి చూపించింది.

లీలావతి దొర కూతురు. రంగి తల్లి ముత్తమ్మ ఆడబాప. దొరసాని పెళ్లికి పుట్టింటివాళ్లు సారెతో పాటు పంపిన మనిషి, బతికినన్నాళ్లూ ఆ ఇంటి చాకిరీకే. రంగిని బడికి పంపడం కూడా లీలావతికి తోడుగానే.

పంతులు దిద్దుదామని సుద్దముక్క తీసుకున్నాడు. తప్పు పెడదామంటే తప్పు లేదు. ఒప్పు పెడదామంటే చెయ్యి రాలేదు.

"గట్ల కాదు బిడ్డా, నీదేమన్న రాయి. నీ పలక రాయరాదు?"

"పలక చిన్న దొరసానిది సార్."

"మరి నీ లంగా?"

"అదీ ఆమె ఇడిసిందే. నాదేముంటది సార్?"

రేపు ఆలోచించుకుని రమ్మన్నాడు. ఆలోచించుకోవలసింది ఆ పిల్లో తనో ఆయనకే తెలియలేదు.

మర్నాడు దొర, ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు వేలు పోయిపోయి రంగి మీదే ఆగింది. ఆ పిల్ల నల్లబల్ల దగ్గరికి వెళ్లి నిదానంగా "రంగీస్ మదర్" అని రాసింది.

ఇన్‌స్పెక్టరు బాగుందన్నాడు. దొరకు ఇంగ్లీషు రాదు.

"ఏం రాసింది పంతులూ?"

"రంగి వాళ్లమ్మ అని, దొరా."

"ఎవరు, మా ముత్తమ్మనా?"

అవునంటే ముచ్చట అక్కడికి ఖతం. పంతులుకు మిర్యాలగూడలో ఇల్లు గుర్తుకొచ్చింది కూడా. అయినా నోరు మాట వినలేదు.

"మీ ముత్తమ్మ కాదు దొరా, రంగి వాళ్లమ్మ."

నౌకరి పక్కా కాలేదు. రంగిని బడి మాన్పించారు. తన నోటి దురుసు వల్ల పిల్ల చదువు పోయిందే అని పంతులు కుమిలిపోయాడు. చేసింది మంచో చెడో ఎంత తన్నుకున్నా తేలలేదు.

కోదాడలో ఇంటింటికీ తిరిగి చదువు చెప్పుకుందామని పెట్టె పట్టుకుని బస్సుకు పోతుంటే, దారిలో ఒక ఆడమనిషి నీళ్ల బిందె దించి దండం పెట్టింది. ఆమెను ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఎవరమ్మా నువ్వు?"

ఆమె ఒకసారి దొర ఇంటి వైపు చూసుకుంది.

"రంగి వాళ్లమ్మను సార్" అంది.