వక్కాకు సంచి చెప్పిన జవాబు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయిన కాలం. ప్రొద్దుటూరులో ఒక డాక్టరమ్మ దగ్గర ఆయాగా పనిచేసేదాన్ని. నలభై ఏళ్లకు వయోజన బడిలో అక్షరాలు నేర్చుకున్నానని ఆమె నాకు సర్వే పని అప్పగించింది. జమ్మలమడుగు దారిలోని పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, పెద్దవాళ్లలో ఎవరు పొగాకు వాడతారో ఫారంలో రాయాలి. ఈ లెక్కలన్నీ పైకి పోతే, దేశంలో పొగాకు మాన్పించే పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుందట. వాడేవాళ్ల నోరు డాక్టరమ్మ పరీక్ష చేస్తుంది. చెంప లోపలి తెల్లమచ్చను ఆమె ‘ప్యాచ్’ అనేది. దాన్ని వదిలేస్తే క్యాన్సర్ కావచ్చు.

చేయి తిరగడానికి మొదటి ఫారం నా పేరు మీదే నింపాను. ‘పొగాకు వాడతారా?’ అన్నచోట ‘లేదు’ అని గుండ్రంగా రాశాను.

ఒక పల్లెలో పరుపులు కుట్టే హుసేనమ్మను అదే అడిగాను.

“ఏందక్కా, బీడీ తాగేదాని మాదిరి కనపడతాండానా? మా ఆయప్పను అడుగు, రైలింజను ఆయప్పే!” అని నవ్వింది. ‘లేదు’ అని రాశాను.

ఇంటికొచ్చిన ఆడమనిషిని ఉత్త నోటితో పంపకూడదని నడుముకు దోపిన వక్కాకు సంచి తీసింది. ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి, ఇంత పొగాకు తుంచి వేసింది.

“నీకూ తుంచేదా?”

“కొంచెం ఎక్కువే వెయ్” అని చెయ్యి చాపాను. ఒళ్లో ఉన్న ఫారాలు చూసి ఆగిపోయాను.

“హుసేనమ్మా, ఇదీ పొగాకే గదా?”

“అన్నంలోకి ఉప్పు మాదిరి వక్కాకులోకి ఇది. దీన్ని గూడా రాసుకుంటారా ఎవరన్నా?” ఆకును కుడిచెంపకు తోసి, “ఎడమపక్క నమలను. కారం తగిలితే శానా మంట” అంది.

ప్యాచ్ ఉన్నచోట కారం తగిలితే మండుతుందని డాక్టరమ్మ చెప్పింది. నేను రాసిన మాట అట్లాగే పోతే ఈమె నోరు ఎవరూ చూడరు. కొట్టివేతలు లేకుండా రాస్తానని పేరు తెచ్చుకున్నదాన్ని, ‘లేదు’ కొట్టేసి ‘అవును’ అని రాశాను.

“పదిమందిలో నోరు తెరిచేది నా చేత కాదు. కొట్టెయ్యి దాన్ని!” అని కోప్పడింది.

“నాది ముందు చూపిస్తాలే. నా నడుముకూ సంచి ఉంది. నేనూ ‘లేదు’ అనే రాసుకున్నా.”

మరునాడు డాక్టరమ్మ ఆ ఊరికి వచ్చింది. మొదట నేను కూర్చుని నోరు తెరిచాను. వెనకనుంచి తొంగిచూసిన హుసేనమ్మ, “గార తప్ప ఏమీ ల్యా” అని డాక్టరమ్మ కంటే ముందే తేల్చేసింది. తర్వాత తను కూర్చుంది. ఎడమచెంపలో ప్యాచ్ ఉంది. ఇప్పుడే మానేస్తే తగ్గే వీలుందని డాక్టరమ్మ చెప్పింది.

ఫారంలో వక్కాకు పొగాకుకు కొత్త కాలమ్ గీశాం. తిరిగిన ఇళ్లకే మళ్లీ తిరిగాను. ఈసారి “ఒక ఆకు పెట్టమ్మా” అన్నాను. ఆడవాళ్ల సంచులు తెరుచుకుంటే, ‘లేదు’లు ఒక్కొక్కటే కొట్టివేతలయ్యాయి. నా ఫారంలోదీ కొట్టేశాను.

మానడం ఇద్దరికీ కష్టమైంది. కొన్ని నెలలకు హుసేనమ్మ ఉగ్గాని, బజ్జీల పొట్లంతో ప్రొద్దుటూరు వచ్చింది. మచ్చ బాగా పలచబడిందని డాక్టరమ్మ చూసి చెప్పింది. హుసేనమ్మ మిరపకాయ బజ్జీ కొరికి, నాకు కనబడేట్టు ఎడమచెంపకు తోసింది.

“మంటగా ఉందా?” అన్నాను ఆత్రంగా.

“మిరపకాయ గదా, మండకుండా యాడికి పోతాది!”

ఆ తర్వాత ఏ సర్వేకు పోయినా మొదటి ఫారం నా పేరు మీదే నింపేదాన్ని. కానీ ముందు నా నడుము తడిమి చూసుకునేదాన్ని.