పంది చెవికి మేకప్

ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో తిరిగే మా కుర్రాళ్లందరం ఏదో ఒకటి దాచుకునే తిరిగేవాళ్లం. కొందరు వయసు దాచారు, కొందరు పెళ్లి దాచారు, నేను పశువైద్య పట్టా దాచాను. (పశువుల డాక్టరని తెలిస్తే కథ ఎవరు వింటారు? నిర్మాతగారి కుక్కకు సూది వేయమంటారు.) కృష్ణానగర్‌లో గది, ఆరో అసిస్టెంట్ డైరెక్టర్ హోదా. నిన్నటి షాట్‌లో ఏది ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండేలా చూడటం నా పని. దాన్నే కంటిన్యుటీ అంటారు.

మా దర్శకుడికి సహజత్వం అంటే ప్రాణం. అందుకే స్టూడియోలో మురికివాడ సెట్ వేయించి, నల్లవి తెర మీద ఆనవని ఆరు తెల్ల సీమపందుల్ని తెప్పించాడు. వాటితో వాటి యజమానురాలు పందుల అవ్వ కూడా వచ్చింది. ఆ ఆరే ఆమె బతుకు. పెద్ద పంది హీరో పక్కన కనిపించాలని దాన్ని మాత్రం వేరే దొడ్లో ఉంచారు.

రెండో రోజు పొద్దున ఆ పెద్దది మేత ముట్టలేదు. మూల ముడుచుకుని పడుకుంది. లేపితే వెనక కాళ్లు తడబడ్డాయి. చెవులు ఎర్రగా కమిలాయి, పొట్ట మీద మచ్చలు. ఐదేళ్లు నేను చదివిన పాఠం మొత్తం కళ్ల ముందు పడుకుని ఉంది. నేనేం చేశానంటారా? నోట్‌బుక్ తీసి ‘చెవుల రంగు మారింది, కంటిన్యుటీ దెబ్బతింటుంది’ అని రాసి, మేకప్ అన్నను పిలిచాను. ఆయన హీరోయిన్‌కి చూపే శ్రద్ధతోనే ఆ చెవులకు రంగు పూశాడు.

దర్శకుడు మానిటర్ చూసి మురిసిపోయాడు. “ఆ నీరసం చూడండయ్యా, ఎంత సహజంగా ఉందో! మన హీరోకి చూపించండి. తర్వాతి షాట్‌లో మిగతా ఐదింటినీ దీని దొడ్లోకే వదలండి.”

ఇంతలో అవ్వ వచ్చి కొంగుతో చెవి తుడిచింది. “గీ రంగేంది బిడ్డా? కింద చెవులు కమిలినయ్ సూడు. ఒళ్లు కాలిపోతున్నది. నీకేమన్న ఎరుకనా?”

“నాకేం తెలుసవ్వా” అన్నాను. (నా జీవితంలో నేను చేసిన ఏకైక నటన. బాగా చేశానని చెప్పలేను.)

“మిగిలినయ్‌కి అంటుకుంటే నేనెట్ల బతకాలె?” అందామె, నా మొహంలోకి చూస్తూ. చచ్చేంత సిగ్గేసింది.

అప్పటికే “యాక్షన్” అన్నారు. గేటు తెరిచారు. ఐదూ గునగునా లోపలికి బయల్దేరాయి. నేను గొంతు చించుకుని “కట్!” అని అరిచాను. దర్శకుడు తప్ప మరొకరు ఆ మాట అనడం మా దగ్గర క్షమించరాని నేరం.

“ఎవడ్రా అది?”

“నేనే సర్. అంటురోగం, మిగతావాటిని కలపకూడదు. నేను పశువుల డాక్టర్ని.”

“డాక్టర్‌వా? మరి పొద్దున దానికి మేకప్ వేయించింది ఎవరయ్యా?”

మధ్యాహ్నం భోజనాలకు ముందే నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఐదింటినీ అటు నుంచి అటే వెనక్కి మళ్లించారు. ప్రభుత్వ పశువైద్యుడు వచ్చి సూదులు వేశాడు. నాలుగో రోజుకి పెద్దది లేచి మేత తింది, మిగతావాటికి ఏమీ కాలేదు. ఆ సంగతి అవ్వే ఫోన్ చేసి చెప్పి, “మొదటనే చెప్తే నీ సొమ్మేం పోతుండె బిడ్డా?” అని నాలుగు చివాట్లు పెట్టింది. మేకప్ అన్న మాత్రం వారం పాటు సబ్బుతో చేతులు కడుగుతూనే ఉన్నాడట.

ఇప్పుడు ఎవరెవరి సినిమాలకో మాటలు రాస్తున్నాను. దర్శకత్వం ఇంకా దక్కలేదు. ఆ సెట్ మధ్యలో ముచ్చెమటలు పోస్తుంటే తన చదువేమిటో అరిచి చెప్పుకున్న కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఇన్నేళ్లలో నేను “కట్” చెప్పింది ఆ ఒక్కసారే.